కొత్తిల్లు ఎలా ఉందమ్మా

ఆ వీడియో నిమిషం కూడా ఉండదు. అయినా మునిసిపాలిటీ ఆఫీసులో కాఫీ కప్పు పట్టుకున్న ప్రతివాడి ఫోన్లోనూ అదే. మనేల్ ప్రింటర్ కడుపులో ఇరుక్కున్న కాగితాన్ని లాగుతూ ఉంటే, జననాల కౌంటర్లో కూర్చునే సమీర్ వచ్చి ఫోన్ తీసి సరిగ్గా ఆమె ముక్కు ముందు పెట్టాడు.

"ఈవిడ మీ అమ్మగారు కదూ?"

అమ్మే. స్టేడియంలో వేదిక మీద, పెళ్ళిళ్ళకి మాత్రమే బయటికి తీసే నీలం పొడుగు అంగీ జెల్లాబాలో, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లో బంగారు రంగు తాళంచెవి పట్టుకుని నించుంది. పక్కన బెన్ జెర్రాద్. దేశాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న బెన్ జెర్రాద్. ఒకప్పుడు గృహనిర్మాణ మంత్రి, తర్వాత నీళ్ళ మంత్రి, ఆ తర్వాత ఏ మంత్రో ఆయనకే గుర్తులేదు. జుట్టుకి వేసిన రంగు చెమటతో కలిసి చెవి పక్కనుంచి కారుతోంది. రాజధాని అల్జీర్స్ నుంచి వెంట తెచ్చుకున్న చిరునవ్వొకటి తగిలించుకుని, మైకు అమ్మ నోటి దగ్గర పెట్టి అడిగాడు.

"కొత్తిల్లు ఎలా ఉందమ్మా?"

అమ్మ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. తర్వాత అంది: "అల్‌హందులిల్లా."

దేవుడి దయ అంది. అంతే. చప్పట్లు, ఈలలు, జెండాలు. కింద పెద్ద పెద్ద అక్షరాలు: మాట ఇచ్చాడు, తాళం ఇచ్చాడు.

"కొత్తిల్లు వచ్చిందని మాకు చెప్పనే లేదే," అన్నాడు సమీర్. "స్వీట్లేవీ?"

"నువ్వు పోయిన నలభయ్యో రోజుకి పంచుతాలే," అంది మనేల్. కాగితం చిరిగి సగం చేతిలోకి వచ్చింది, సగం ప్రింటర్లోనే ఉండిపోయింది.

కొత్తిల్లు లేదు. ఉన్నది పాత ఊళ్ళో ఒక బిల్డింగు మేడ మీద, అద్దెకున్నవాళ్ళు బట్టలు ఉతుక్కోడానికి కట్టిన గది. అందులో మనేల్, వాళ్ళమ్మ అల్జియా, ఒక గ్యాసు పొయ్యి, ఒక మంచం, ఒక పరుపు. వానొస్తే మంచం ఎటు జరపాలో ఇద్దరికీ కళ్ళు మూసుకుని చెప్పగలిగేంత అలవాటు.

మనేల్ బడిలో చదువుకునే రోజుల్లో వాళ్ళుండే బిల్డింగు ఒక సాయంత్రం వానకి కూలిపోయింది. అందరూ పక్క వీధిలో పెళ్ళికి వెళ్ళారు కాబట్టి ఎవరూ పోలేదు. అప్పుడు గృహనిర్మాణ మంత్రిగా ఉన్న బెన్ జెర్రాద్ కెమెరాల్ని వెంటేసుకుని వచ్చాడు. శిథిలాల పక్కనే షామియానా వేశారు. రోడ్డున పడ్డ కుటుంబాల్లోంచి ఏడుపు బాగా కనిపించే మొహం ఒకటి ఏరారు. మొగుడు లేని అల్జియా, చంకన పుస్తకాల సంచీతో పిల్ల. ఫోటోకి ఇంతకంటే ఏం కావాలి? మఖ్మల్ పెట్టెలోంచి తాళంచెవి తీసి అమ్మ చేతిలో పెట్టి, "వచ్చే రంజానుకి మీ సొంత వంటింట్లో ఉపవాసం విడుస్తారు" అన్నాడు. ఆ తర్వాత ఏటా పదేసి రోజులు ముందుకి జరిగే రంజాను మండుటెండల్లోంచి చలికాలం దాకా నడిచొచ్చింది. ఇల్లు మాత్రం ఒక్క అడుగు వెయ్యలేదు.

తాళంచెవి మామూలు వాటికి రెండింతలుంటుంది. తల మీద చెక్కిన అక్షరాలు: మంత్రిగారి పేరు, ఆయన శాఖ పేరు. ఏ ఇల్లో, ఏ బ్లాకో, ఏ అంతస్తో మాత్రం లేదు. అమ్మ దాన్ని గదిలో ఉన్న ఒకే ఒక్క మేకుకి తగిలించింది. ఆ గోడలో ఇంకో మేకు దిగదు, చెమ్మకి సున్నం రాలిపోతుంది. అయినా ఆ మేకుకి ఇంకేం తగిలించడానికి వీల్లేదు, తడి తువ్వాలు కూడా.

ఆ సాయంత్రం మనేల్ మెట్లన్నీ ఎక్కి గదిలోకి వచ్చేసరికి అమ్మ బఠాణీలు ఒలుస్తోంది.

"ఎందుకన్నావ్?"

"ఏమన్నానే?"

"అల్‌హందులిల్లా అని!"

"ఎవరైనా ఎలా ఉందంటే మరేమంటారు? నోటికి అదే వచ్చింది."

"నీ ఒంట్లో ఎలా ఉందని అడగలేదు యమ్మా. ఇల్లెలా ఉందని అడిగాడు. లేని ఇల్లు!"

"అంతమంది ముందు అంత పెద్దమనిషిని పట్టుకుని, నువ్వు ఇవ్వలేదు కదయ్యా అనమంటావా? సిగ్గుండదూ?"

"సిగ్గు పడాల్సింది నువ్వా, వాడా?"

అమ్మ ఒక కాయ ఒలిచింది, గింజలు గిన్నెలో పడ్డాయి.

"నన్ను పేరుపెట్టి పిలిపించాడనుకున్నా," అంది. "లొత్ఫీ అలాగే చెప్పాడు. ఖాల్తీ, పెద్దాయనే మిమ్మల్ని అడుగుతున్నారు, తాళం తోమి తీసుకురండి, మీ ఫైలు ఆయన చేతిలోనే పెట్టిస్తాను అని. వెనిగర్ పోసి తోమా. అక్కడికి వెళ్ళాక ఆయన నా మొహం చూళ్ళేదే. తాళం చూశాడు. దాని మీద తన పేరు చదువుకున్నాడు. అప్పుడు నవ్వాడు."

లొత్ఫీ ఈ వీధి కుర్రాడే. ఊరందరి తల్లుల్నీ పిన్నమ్మల్లా 'ఖాల్తీ' అని పిలుస్తూ పెరిగి, ఇప్పుడు బెన్ జెర్రాద్ ప్రచార ఆఫీసులో బూట్లు మెరిపించుకుని తిరుగుతున్నాడు. వాణ్ణి తలుచుకుంటేనే మనేల్‌కి ఒళ్ళు మండింది.

"ఇంకా వాణ్ణి ఇంట్లోకి రానిస్తావా?"

"ఇందాక ఫోన్ చేశాడు. గురువారం ఓటుకి వచ్చేటప్పుడు తాళం తీసుకురమ్మన్నాడు. బడి గేటు దగ్గర పేపరు వాళ్ళుంటారట."

"తీసుకెళ్తావా?"

"తీసుకెళ్తా." అమ్మ తలెత్తలేదు. "నువ్వూ ఓటు వెయ్యాలి. కార్డు మీద ముద్ర పడకపోతే ఫైలు కదలదు."

"ఆ మాట ఏ చట్టంలో ఉంది యమ్మా? ఓటు కార్డు మీద ముద్రకీ ఇంటికీ ఏం సంబంధం?"

"కింది వాటా హలీమా కొడుకు ఫైలు ముద్ర లేకే ఆగింది."

"హలీమా కొడుకు ఫైలు వాడికి పెళ్ళి కాకుండానే ముగ్గురు పిల్లలున్నారని రాసినందుకు ఆగింది!"

అమ్మకి నవ్వు రావాల్సిన చోట రాలేదు. మనేల్ ఇంక ఆపుకోలేకపోయింది.

"అసలు ఎవరికి వెయ్యమంటావ్? చెప్పు. నాలుగు కోట్ల పైన జనం ఉన్న దేశం. డాక్టర్లున్నారు, టీచర్లున్నారు, ఎడారిలో గ్యాసు తీసేవాళ్ళున్నారు. ఇంతమందిలో గాలించి గాలించి చివరికి తెచ్చి పెట్టింది ఎవర్ని? ఒకడు బెన్ జెర్రాద్. రెండోవాడు తౌమీ, మిగతావాళ్ళని ఓడించడానికి కాదు, తను ఓడిపోవడానికి నిలబడ్డ కుందేలు. బెన్ జెర్రాద్‌ని మెచ్చుకుంటూ ప్రచారం చేసుకుంటున్నాడు, విన్నావా? నాకు ఓటెయ్యండి, కానీ ఆయన చాలా గొప్పవాడు అంటాడు. మూడోవాడు టీవీలో కలలకి అర్థాలు చెప్పే డాక్టర్ సెబ్బాహ్. ధరలెలా తగ్గిస్తారని అడిగితే, కలలో గోధుమలు కనిపించాయి, శుభం అన్నాడు. పది దినార్ల బల్బు కొనేటప్పుడు కూడా వెలిగించి చూపించమంటాం కదా. వీళ్ళలో ఒక్కడైనా వెలుగుతాడా?"

"అందుకే ఓటు వెయ్యకుండా కూర్చుంటే మంచివాడొస్తాడా?"

"వేస్తే వస్తాడా?"

ఆ రాత్రి నుంచి గురువారం దాకా తల్లీకూతుళ్ళు ఉప్పు అందుకో, తలుపు వెయ్యి అనే మాటలు తప్ప మాట్లాడుకోలేదు.

ఓటు వెయ్యనని భీష్మించుకున్న మనేల్‌ని మునిసిపాలిటీవాళ్ళు తీసుకెళ్ళి పోలింగ్ గదిలోనే కూర్చోబెట్టారు. తాత్కాలిక ఉద్యోగులందరికీ ఎన్నికల డ్యూటీ. కాదంటే వచ్చే ఏడాది కాంట్రాక్టు ఉండదని ఎవరూ నోటితో చెప్పలేదు, చెప్పనవసరం లేదు. వాళ్ళ పేట ప్రైమరీ బళ్ళో, ఆడవాళ్ళ గదికి సెక్రటరీ. గది పెద్ద సీ బూజెమా, అంటే బూజెమాగారు, ఆ బడి హెడ్మాస్టరే. మంచివాడు. మంచితనం ఎక్కువై ఎవరికీ ఎదురు చెప్పలేడు. మూల కుర్చీలో అభ్యర్థి తరఫు పరిశీలకుడిగా మెరిసే బూట్లతో లొత్ఫీ. గోడ మీద ఎక్కాలు, పిల్లలు రంగులేసిన జెండాలు, మధ్యలో ఓట్లు వేసే అద్దం పెట్టె.

పడుచువాళ్ళు దాదాపు ఎవరూ రాలేదు. వచ్చినవాళ్ళంతా ముద్ర కోసం వచ్చిన పెద్దాళ్ళే. బల్ల మీద మూడు దొంతరలు, ఒక్కో అభ్యర్థికీ ఒక్కో చీటీ. మూడూ తీసుకుని తెర వెనక్కి వెళ్ళాలి, నచ్చింది కవరులో పెట్టాలి, మిగతా రెండూ అక్కడి బుట్టలో పడెయ్యాలి. ఒక ముసలావిడ మూడు చీటీల మీద ఫోటోలు తిప్పి తిప్పి చూసి సీ బూజెమాని అడిగింది.

"నాయనా, వీటిలో కాస్త తక్కువ కుళ్ళింది ఏది?"

"ఖాల్తీ, ఇక్కడ ప్రచారం నిషేధం."

"ప్రచారమేంటి, టమాటాలు ఏరుతున్నా."

మధ్యాహ్నం అందరికీ కషీర్ సాండ్‌విచ్చులొచ్చాయి. ఎన్నికలొచ్చాయంటే జనం చేతిలో ముందు పడేది ఈ గులాబీరంగు మాంసం ముక్కే. ఎవడి తరఫున తిరిగేవాణ్ణయినా 'వీడు కషీర్ తిన్నాడు' అంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. లొత్ఫీ రెండు తిన్నాడు.

అమ్మ ఆ తర్వాత వచ్చింది. గేటు దగ్గర కెమెరాల చప్పుడు ముందు వినిపించింది, వెనకాలే నీలం జెల్లాబా. చేతిలో తాళంచెవి, తళతళా. లొత్ఫీ ఎగిరి లేచాడు.

"మన స్టార్ వచ్చేసింది! రండి ఖాల్తీ, రండి!"

మనేల్ తల వంచుకుని రిజిస్టర్లో పేరు వెతికింది. చిన్నప్పట్నుంచీ తెలిసిన పేరు వెతకడానికి అంతసేపు పట్టింది. అమ్మ చీటీలు మూడూ తీసుకుంది, కవరు తీసుకుంది, కూతురి వైపు చూడకుండా తెర వెనక్కి వెళ్ళింది.

చాలాసేపు రాలేదు. వచ్చేసరికి చెయ్యి ఖాళీగా ఉంది. కవరు మాత్రం కడుపుతో ఉన్నట్టుంది.

సీ బూజెమా కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "ఇదేంటి ఖాల్తీ అల్జియా, ఇంత లావుగా ఉంది?"

"నా అభిప్రాయం."

"అభిప్రాయం చీటీ మీద కదా ఉండాలి."

"నాది చీటీలో పట్టలేదు."

లైన్లో ఎవరో కిసుక్కున నవ్వారు. సీ బూజెమా చెమట తుడుచుకుంటూ మనేల్ వైపు చూశాడు. మనేల్ రిజిస్టర్ మీంచి తలెత్తి అంది.

"కవరు మూసేశాక లెక్కింపు దాకా తెరిచే అధికారం ఎవరికీ లేదు సార్. మీకూ లేదు."

కవరు పెట్టె నోట్లో ఇరుక్కుంది. అమ్మ దాన్ని అటూ ఇటూ వంచి, అరిచేత్తో ఒక్క పోటు పొడిచింది. ఖణేల్మంది. వరండాలో నించున్నవాళ్ళు కూడా లోపలికి తొంగి చూశారు.

లొత్ఫీ మొహం మొదట పాలిపోయింది, తర్వాత వెలిగిపోయింది. "ఏం ఐడియా ఖాల్తీ! తాళమే వేసేశారు! ఇలాంటిది మా ప్రచారం టీములో ఒక్కడికి తట్టలేదు!"

అమ్మ రిజిస్టర్లో వేలిముద్ర వేసింది. సీ బూజెమా కార్డు మీద వెయ్యడానికి ముద్ర చేతిలోకి తీసుకునేలోపే, కార్డు బల్లమీద వదిలేసి వెళ్ళిపోయింది. ముద్ర కోసం కూతురితో పోట్లాడి మాటలు మానేసిన మనిషి.

మనేల్ ఆ కార్డు తీసి జేబులో పెట్టుకుంది. పెట్టె అడుగున, కవరు చిరిగిన మూలలోంచి, బంగారు రంగు కొంచెం కనిపిస్తోంది. లొత్ఫీ చెప్పిందే నిజమేమో అనిపించింది. వాడిచ్చినదాన్ని వాడికే నజరానాగా ఇచ్చేసిందేమో. అల్‌హందులిల్లా అన్న మనిషి అదీ చెయ్యగలదు. ఆ సాయంత్రం దాకా మనేల్ మళ్ళీ అద్దం పెట్టె వైపు చూడలేదు.

పోలింగ్ ముగిశాక గేటు మూసి, లెక్కింపుకి తలుపులు తీశారు. చూడ్డానికి ఓటర్లు ఎవరైనా రావచ్చు. మామూలుగా ఎవరూ రారు. ఈసారి వీధిలో ఆడవాళ్ళు సగం మంది వచ్చారు. అమ్మ వెనక గోడకి, దేశపటం కింద నించుంది.

పెట్టె బోర్లించారు. లావు కవరు ముందు దొర్లి బల్ల అంచున ఆగింది. లొత్ఫీ దాన్ని జాగ్రత్తగా పక్కకి జరిపించాడు. "దీన్ని చివర్న తెరుద్దాం సార్. వీడియో తీసుకోవాలి."

కవర్లు తెరవడం మొదలైంది. సీ బూజెమా చదువుతాడు, మనేల్ గీతలు పెడుతుంది.

"బెన్ జెర్రాద్. బెన్ జెర్రాద్. ఖాళీ. సెబ్బాహ్. ఇది... ఇదేంటి?"

కషీర్ ముక్క. ఎండకి చెమర్చింది.

"చెల్లదు," అంది మనేల్, గీత పెట్టింది.

"తౌమీ. ఖాళీ. ఇందులో... 'నీళ్ళెప్పుడొస్తాయి' అని రాశారు."

"చెల్లదు."

"గాడిద బొమ్మ."

"ఏ అభ్యర్థి?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. గది గొల్లుమంది.

"నిశ్శబ్దం! చెల్లదు. బెన్ జెర్రాద్. ఇది వీసా ఇవ్వలేమన్న కాగితం జిరాక్సు. చెల్లదు. చిక్కుడు గింజ. చెల్లదు. మూడు చీటీలూ కలిపి నాలుగు ముక్కలుగా చింపినవి. చెల్లదు."

చెల్లనివాటి కుప్ప పెరిగింది. మధ్యలో సీ బూజెమా దానికి చెయ్యి అడ్డం పెట్టాల్సి వచ్చింది, జారిపోతోందని. ముగ్గురు అభ్యర్థులవీ కలిపి పక్కన పెట్టినా దాని నడుముకి రావు. మనేల్ గీతలు పెడుతోంది, పెడుతున్నకొద్దీ పెన్ను గట్టిగా నొక్కుతోంది. ఈ ముసలమ్మలు ముద్ర కోసమే వచ్చారు, నిజమే. ఉత్త చేతుల్తో మాత్రం రాలేదు. ఇన్నాళ్ళూ తను వీళ్ళని గొర్రెల మంద అనుకుంది. గాడిద బొమ్మ ఎవరు గీశారో గాని, చెవులు భలే కుదిరాయి.

లొత్ఫీ మొహంలో నవ్వు ఎప్పుడో పోయింది. తన సొంత పేట. వీడియోలో కనిపించిన పేట. రాజధానికి ఫోన్ చేసి ఏం చెప్పాలి?

చివరి కవరు. సీ బూజెమా చింపి బల్లమీద ఒంపాడు. తాళంచెవి. లోపల చీటీ లేదు, కవరు రెండుసార్లు దులిపినా లేదు.

"చెల్లదు," అంది మనేల్.

"ఆగాగు!" లొత్ఫీ ఫోన్ పైకెత్తి వచ్చేశాడు. "చెల్లకపోవడమేంటి? దీని మీద ఏముందో చదవండి సార్."

సీ బూజెమా చదివాడు. "మెస్‌ఊద్ బెన్ జెర్రాద్."

"కవరులో అభ్యర్థి పేరుంది. ఒక్కటే పేరుంది. ఓటరు మనసులో ఏముందో ఇంతకంటే ఎలా చెప్పాలి? మా ఓటు."

"ఓటంటే అచ్చేసిన చీటీ. తాళాలు, గొళ్ళేలు కాదు."

"మనేల్, నువ్వు చదువుకున్నదానివి. ఆవిడ ఆ వీడియోలో తన నోటితో చెప్పింది కదా, అల్‌హందులిల్లా అని. అదే మాట ఇక్కడా చెప్పింది." వాడు ఫోన్ తిప్పి తాళం మీద పెట్టాడు. "తాళమిచ్చిన చేతికే ఓటు. ఇది చూస్తే అల్జీర్స్‌లో పండగే. సీ బూజెమా, ఒక్క ఓటు. ఏమవుతుంది? పైవాళ్ళకి కూడా బావుంటుంది."

"ఒక్క ఓటే కదా," అన్నాడు సీ బూజెమా, మెల్లగా, మనేల్ కళ్ళలోకి చూడకుండా. "పెద్ద తేడా ఏం..."

ఒకసారి అమ్మ నోట్లోంచి మాట లాక్కుని వీడియోకి అతికించారు. ఇప్పుడు ఆమె కవరులోంచి కూడా లాక్కుంటున్నారు. తనేం చెప్పినా లొత్ఫీ దగ్గర ఆ వీడియో ఉంది. అమ్మ మాటని కొట్టేయగలిగేది అమ్మ మాటే. కానీ మళ్ళీ అదే మాట అంటే? అలవాటు కొద్దీ, సిగ్గు కొద్దీ, ఫైలు కొద్దీ?

లేచి నించుంది.

"లొత్ఫీ, ఫోన్ ఆపకు. అటు తిప్పు." వెనక గోడ వైపు చూపించింది. అందరికీ వినపడేలా అడిగింది. "యమ్మా! కొత్తిల్లు ఎలా ఉంది?"

గదిలో అందరూ వెనక్కి తిరిగారు. లొత్ఫీ ఫోన్ ఒక్కటే కాదు, నాలుగైదు ఫోన్లు లేచాయి. అమ్మ నోరు తెరిచింది. ఆ మాట పెదాల దాకా రావడం మనేల్‌కి కనిపించింది, పుట్టినప్పట్నుంచీ చూస్తున్న పెదాలు కదా. అమ్మ దాన్ని మింగింది.

"ఇల్లు లేదు," అంది.

తర్వాత ఆగలేదు.

"లేదు. ఇవ్వలేదు. వేదిక మీద దేవుడి పేరు ఎత్తినందుకు దేవుడే నన్ను క్షమించాలి, వాడు ఇవ్వని ఇంటికి ఆయన్ని సాక్షిగా తెచ్చాను. కొండ మీద కొత్త బ్లాకులు కట్టినప్పుడల్లా ఈ తాళం కొంగులో చుట్టుకుని వెళ్ళాను. ఎవరూ చేరకముందే, దొంగదానిలా, ఒక్కో అంతస్తూ ఎక్కి ఒక్కో తలుపుకీ పెట్టి చూశాను. ఏదో ఒకటి నాదయ్యుంటుంది, చెప్పడం మర్చిపోయుంటారు అనుకున్నా! కాపలావాడు పట్టుకుంటే తాళం చూపించా. వాడు నవ్వలేదు. ఖాల్తీ, ఇది ఏ తలుపుదీ కాదు, దీనికి పళ్ళు కూడా సరిగ్గా కొయ్యలేదు అన్నాడు. ఆ కాపలావాడు నిలబడితే వాడికి ఓటేసేదాన్ని. నాతో నిజం చెప్పినవాడు వాడొక్కడే."

మనేల్‌కి ఇది తెలీదు. ఏ సాయంత్రాలు వెళ్ళింది? బజారుకి వెళ్తున్నా అన్నవా?

"ఖాల్తీ, మీ ఫైలు సంగతి ఆలోచించుకోండి," అన్నాడు లొత్ఫీ, పళ్ళ మధ్య నుంచి.

"నా ఫైలుకీ నా గోడకీ ఒకటే బూజు. దాన్ని చూపించి ఇంకెన్నాళ్ళు బెదిరిస్తావురా? నీ ముక్కు కారుతుంటే నా కొంగుతో తుడిచాను. పెట్టి చూడు ఆ తాళం. ఈ బళ్ళో ఏ తలుపు తెరుచుకున్నా నా ఓటు నీదే. నా కూతురి చేత రాయిస్తా."

లొత్ఫీ కదల్లేదు. ఫోన్ దించేశాడు. మిగతా ఫోన్లు దిగలేదు.

కదిలింది సీ బూజెమా. ఎవరూ అడక్కుండానే తాళంచెవి తీసుకుని తలుపు దగ్గరికి నడిచాడు. తన బడి, తన తలుపు, ప్రతి ఉదయం తను తెరిచేది. వంగి, పిల్లాడి పరీక్ష పేపరు దిద్దుతున్నంత శ్రద్ధగా, తాళం కన్నంలో పెట్టాడు. దూరలేదు. తిరగేసి పెట్టాడు. బీరువా దగ్గరికెళ్ళి దానికీ పెట్టాడు. చాక్‌పీసుల డబ్బాకున్న చిన్న తాళానికి కూడా పెట్టబోయాడు. ఒకావిడ "చాల్లే మాస్టారూ" అంది, ఏడుస్తోందో నవ్వుతోందో తెలీకుండా.

అతను బల్ల దగ్గరికి తిరిగొచ్చాడు. చొక్కా సర్దుకున్నాడు. ఆ రోజంతా రాని గొంతు వచ్చింది.

"చెల్లదు," అన్నాడు. "రాయమ్మా."

మనేల్ గీత పెట్టింది. కాగితం చిరిగేంత గట్టిగా. చెల్లని ఓట్లన్నీ ఒక కవరులో పెట్టి సీలు వెయ్యాలని నియమం. తాళంచెవి ఆ కవరులో పట్టక పక్కన టేపు వేసి అంటించాల్సి వచ్చింది. గాడిద బొమ్మ పైకి కనిపించేలా పెట్టింది. అది నియమంలో లేదు.

మర్నాడు శుక్రవారం. టీవీలో బెన్ జెర్రాద్ గెలిచాడు. ఎంత శాతమో చెప్తుంటే మనేల్ సౌండు తీసేసింది. ఆయన నోరు మాత్రం కదులుతోంది, చెవి పక్కన రంగు మళ్ళీ కారుతోంది. సమీర్ నుంచి మెసేజ్ వచ్చింది: కొత్త వీడియో చూశా, సెలవులయ్యాక ఆదివారం పొద్దున్నే డైరెక్టరు నిన్ను కలవమన్నాడు. కింద ఇంకో మెసేజ్: మీ అమ్మకి నా సలాం చెప్పు.

మనేల్ జేబులోంచి అమ్మ ఓటు కార్డు తీసి ఇచ్చింది.

"ముద్ర వేశావా?"

"లేదు. రోజంతా ముద్ర నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. వెయ్యలేదు."

అమ్మ కార్డు తెరిచి ఖాళీ గడి చూసింది. కోప్పడుతుందేమో అనుకుంది మనేల్. అమ్మ కార్డుని రెండుగా మడిచి, ఊగుతున్న మంచం కోడు కింద దోపింది. మంచం ఊపి చూసింది. కదల్లేదు.

"ఉద్యోగం తీసేస్తారా?" అంది.

"తియ్యొచ్చు."

"తియ్యనీ. ఈ కప్పు సంగతి మాత్రం వానల్లోపు మనమే చూసుకోవాలి. ఇంక ఎవడూ వచ్చి వెయ్యడు. నీ చదువులో రేకులు దిగ్గొట్టడం నేర్పారా?"

"వీడియో చూసి నేర్చుకుంటా."

"వీడియోలు చాలు."

శుక్రవారం కాబట్టి కుస్కుస్. అమ్మ గోధుమరవ్వ జల్లించింది, ఆవిరికి పెట్టింది. జల్లెడ ఎప్పుడూ ఉండేది మంచం కింద, ఎలకలు తిరిగేచోట. దాన్ని దులిపి చేత్తో పట్టుకుని గది మధ్యలో నించుంది. గోడ మీద మేకు ఖాళీగా ఉంది. తాళంచెవి ఉన్నచోట మాత్రం దాని ఆకారంలో తెల్లగా మచ్చ, చుట్టూ బూజు.

అమ్మ వెళ్ళి జల్లెడ ఆ మేకుకి తగిలించింది.